నేతగాని క్రొత్త యిల్లు – విద్యుత్తు మితవ్యయము
(రాజంపేటయందు మన సంఘ వార్షిక మహాసభలో చదువబడిన ఉపన్యాసము)



మన మూలపురుషుడగు భావనఋషి తామరతూడుల నారతో దేవతలకు వస్త్రములు నేసియిచ్చెనని పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. మానమును కాపాడు వస్త్రమును లోకమున కందించుట పద్మశాలీయుల కులధర్మము. దేహమునకు వస్త్రమెట్టిదో సంసారమునకు గృహమట్టిది. ఇది వేసవికి తగిన గుడ్డ, ఇది చలికి తగిన గుడ్డ యని చేతితో తాకి చెప్పగల మనము, ఇంటి విషయమున మాత్రము ఆ వివేకమును మేస్త్రి చేతికి విడిచిపెట్టుచున్నాము. క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు విద్యుచ్ఛక్తి మితముగా ఖర్చగునట్లు ఏయే ఏర్పాటులను ఎన్నుకొనవలెనో చెప్పుమని సంఘమువారు మమ్ము కోరిరి. మాకు తెలిసినంతవరకు మనవి చేసికొనుచున్నాము.

విషయము చిన్నదని కొందరు తలంపవచ్చును. ఇల్లు కట్టుట ఒకసారితో తీరును. కరెంటు బిల్లు కట్టుట నెలనెలయు తప్పదు. గోడ ఏ దిక్కున లేచెనో, కప్పు దేనితో వేయబడెనో, దానిని బట్టి ఆ యిల్లు ముప్పది నలువది సంవత్సరములు మన సంపాదనలోనుండి కప్పము తీసికొనుచునే యుండును. అందును మన యిల్లు నిద్రించుటకు మాత్రమే ఏర్పడినది గాదు. మాధవరమునందును, పుల్లంపేటయందును, ఈ చుట్టుపట్ల గ్రామములయందును నేతగాని యిల్లే అతని కార్ఖానా. ఉద్యోగి పగలు కచేరీలో నుండి ప్రొద్దు వాలిన పిమ్మట ఇల్లు చేరును. నేతగాడు పగలంతయు, ఆలుబిడ్డలతో గూడ, ఆ కప్పు క్రిందనే పని చేయును. ఇల్లు ఉడికిన మగ్గము ఆగును. మగ్గము ఆగిన పొయ్యి ఆగును. కావున ఇంటి చల్లదనము మన కూలితో ముడివడిన విషయము.

మన తాతల మిద్దెయిండ్లను ఒక్కసారి స్మరింతము. రాతిగోడ మూరెడు దళసరి. దూలములు, వానిపై దంతెలు, వానిపై పుల్లలో పలకలో పరచి, ఆకు కప్పి, మన్ను త్రొక్కి, పైన చవుడు పోసెడివారు. చవుటిమన్ను తడిసినంతనే బిగిసికొని నీటిని లోనికి దిగనీయదు. కప్పు నడుమ గవాచి. ఆ గవాచినుండి వెలుతురు దిగును. ఆ గవాచినుండియే వేడిగాలియు పొగయు పైకి పోవును. మధ్యాహ్నపు ఎండ అంత మంటిమందమును దాటి లోనికి వచ్చులోపల ప్రొద్దు గ్రుంకును. క్రింద గుంటమగ్గము, నేతగాని కాళ్ళు చల్లని గుంటలో నుండును. నేలలోని తేమ నూలుకు తగిలి పడుగు తరచుగా తెగకుండ కాపాడును. విద్యుత్తు పేరైనను వినని దినములలో ఆ యిల్లు ఇంత పని చేసినది.

అయినను మరల ఆ యిండ్లకు పోదమని మేము చెప్పుటలేదు. ఆ మిద్దెకు ఏటేట చవుడు పోయవలెను. ముసురుపట్టిన కారును. దూలము పుచ్చిన కూలును. తేళ్ళును పాములును చొరబడును. అట్టి కప్పుక్రింద బిడ్డలను ఒడిలో పెట్టుకొని వానరాత్రులు గడపిన తల్లులు మనలో ఎందరో కలరు. 2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీన చెయ్యేటిపైని అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలగు గ్రామములను ముంచివేయుటను ఈ సీమలో మరచినవారు లేరు. అటుపిమ్మట మంటిగోడను నమ్ముమని ఎవరు చెప్పగలరు? స్లాబు ఇల్లు పేదవానికి నిర్భయముగ నిద్రించు హక్కు వంటిది. దానిని పరిహసించుట తగదు. కావున గట్టియిల్లే కట్టుదము. అయితే ఆ గట్టియింటిలో తాతల మిద్దెలోని చల్లదనమును ఎట్లు నిలుపుకొందుమనునదే నేటి ప్రశ్న.

ముందుగా సూర్యుని నడకను గమనింపవలెను. రాజంపేట భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 14 డిగ్రీల యందున్నది. ఏప్రిల్ నెల కడపటి దినములలోను, మరల ఆగస్టు నడుమను, మిట్టమధ్యాహ్నవేళ సూర్యుడు మనకు సరిగా నడినెత్తిన నుండును. ఆ రెంటి నడుమ కొంచెము ఉత్తరముగా జరుగును. శీతకాలమున దక్షిణమునకు వాలును. దీనివలన తేలునదేమన, వేసవిలో ఎండ యధికముగా పడునది కప్పుమీద. పిదప తూర్పు పడమటి గోడలమీద. దక్షిణపు గోడమీద స్వల్పము. దక్షిణపు కిటికీని రెండడుగుల సన్‌షేడు కాపాడగలదు. పడమటి యెండ వాలుగా వచ్చును గనుక దానిని కిటికీపై పలక ఆపజాలదు. చెట్టో, పంచయో, మెట్లగదియో అడ్డము రావలెను. స్నానపుగది, సామానుల గది, మెట్లు పడమట నుంచి, మనుష్యులు మసలు గదులను తూర్పునకును ఉత్తరమునకును జరిపినచో, దమ్మిడీ ఖర్చు లేకయే ఇల్లు చల్లబడును. ఉత్తరమును తూర్పును తెరపి విడువుమనియు, బరువును దక్షిణ పశ్చిమములకు చేర్చుమనియు వాస్తు తెలిసిన పెద్దలు చెప్పు మాటకును దీనికిని వైరము లేదు. స్థలము చిన్నదై దిక్కు మన చేతిలో లేనప్పుడు, పడమటి గోడ వెలుపల ఒక వేపచెట్టైనను పెట్టవలెను. అది నాలుగైదు సంవత్సరములలో నీడ పట్టును.

ఇక చేతనున్న మొదటి రూపాయి కప్పుమీద ఖర్చు చేయవలెను. నాలుగైదంగుళముల కాంక్రీటు స్లాబు పగలంతయు ఎండను త్రాగి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆ వేడిని లోపలికి వదలును. మేడమీద గాలి చల్లబడినను క్రింద గది కుంపటివలె నుండుట అందరమును ఎరిగినదే. అట్టి గదిలో ఫ్యాను త్రిప్పినచో, ఆ వేడిగాలినే మరల మరల మనపై చల్లును. 2018లో కేంద్రప్రభుత్వపు విద్యుత్తు పొదుపు శాఖవారు నివాసగృహములకై ఎకో నివాస్ సంహిత యను నియమావళిని వెలువరించిరి. ఇంటికప్పు లోపలికిని వెలుపలికిని ఒక డిగ్రీ తేడా యున్నప్పుడు, ఒక చదరపు మీటరు మేర 1.2 వాట్లకు మించిన వేడిని సాగనీయరాదని అందు చెప్పబడినది. ఏ పూతయు ఏ మందమును లేని ఒట్టి స్లాబు ఆ హద్దుకు ఇంచుమించు మూడింతల వేడిని సాగనిచ్చును. రోగము ఎచటనున్నదో దీనివలననే తెలియుచున్నది.

దీనికి మందులు మూడు. మొదటిది అందరికిని అందునది తెల్లసున్నము. నల్లబడిన పాత కాంక్రీటు తనపై బడు ఎండలో మూడింట రెండువంతులు మ్రింగును. క్రొత్తగా పూసిన తెల్లసున్నము అంతటి భాగమును త్రిప్పికొట్టును. జిగురు కలిపి రెండు పూతలు పూసి, ప్రతి సంవత్సరము ఉగాదికి మునుపు మరల పూసికొనవలెను. ఉగాదికి గోడలకు సున్నము వేయు ఆచారము మనకు ఉండనే యున్నది. దానిని మేడమీదికి కూడ ఎక్కించిన చాలును. రెండవది, కొంత ఖర్చునకు ఓర్చువారు పగిలిన తెల్లపింగాణి పెంకులను మేడమీద గచ్చుగా పరపించుట. ఇది చాలకాలము మన్నును. మూడవది స్లాబుపైని మందము. ఇటుకముక్కలు సున్నము కలిపిన గచ్చు గాని, బోర్లించిన మట్టికుండల వరుసపై గచ్చు గాని, వేడిని ఆపు పలకలు గాని వేయవచ్చును. పూర్వము మద్రాసు మిద్దెలపైన ఇటుకజల్లి సున్నపుగచ్చు వేసి దిమ్మెసకొట్టిన కారణము ఇదియే. 2023 ఏప్రిల్ నెలలో తెలంగాణ ప్రభుత్వమువారు చల్లని కప్పులను గూర్చి ప్రత్యేక విధానమునే ప్రకటించిరి. హైదరాబాదునకు అవసరమైనది ఈ సీమకు అనవసరము కాజాలదు.

ఈ సందర్భమున మన కడపబండను గూర్చి ఒక మాట. మన సీమయందు దొరకు నల్లని నాపరాయి దేశదేశములకు పోవుచున్నది. ఇంటిలోపల నేలకు దానిని మించినది లేదు. నీడపట్టున అది ఎల్లవేళల చల్లగా నుండును. కాని ఆ నల్లబండనే మేడమీద పరచినచో, దాని నలుపే ఎండను ఆకర్షించి ఇంటిని పెనముగా మార్చును. పడమటి వాకిట పరచినను అంతియే. ఆ వేడి తలుపుగుండ లోనికి వచ్చును. రాయి ఒక్కటే, చోటు వేరు. లోపల పరువుడు, పైన పరువకుడు.

గోడలను గూర్చి చెప్పెదము. కేరళమునందు ఇండ్లు కట్టిన లారీ బేకరు గారు (1917–2007) ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ డొల్ల విడుచు పద్ధతిని బహుళముగా ప్రచారము చేసిరి. అందువలన తొమ్మిదంగుళముల గోడకు ఇటుకలలో సుమారు నాలుగవవంతు కలిసివచ్చును. నడుమ నిలిచిన గాలి వేడిని ఆపును. మేస్త్రికి ఒకసారి చూపిన చాలును, ఇందు బ్రహ్మవిద్య లేదు. కలమళ్ళయందలి రాయలసీమ తాప విద్యుత్కేంద్రము వంటి చోట్ల బొగ్గు కాలగా మిగులు బూడిదతో చేసిన ఇటుకలును నేడు దొరకుచున్నవి. పొలముమన్ను త్రవ్వి కట్టెలతో కాల్చిన ఇటుకకు ఇవి మేలైన బదులు. ఇచట ఒక సంగతి గమనింపుడు. మనము అనవసరముగ వెలిగించిన ప్రతి దీపమునకును ఎచటనో బొగ్గు కాలవలసియున్నది. పొదుపు ఇంటికి మేలు, ఊరిగాలికిని మేలు.

కిటికీలు ఎదురెదురుగా నుండవలెను. ఒక ప్రక్కనే ఎంత పెద్ద కిటికీ పెట్టినను గాలి లోనికి రాదు. పోవుటకు త్రోవయున్ననే వచ్చును. పైకప్పునకు దగ్గరగా చిన్న గాలిరంధ్రములు విడిచినచో వేడిగాలి అందుండి వెడలును. తాతలనాటి గవాచి చేసిన పనినే ఇవి చేయును. వలలు బిగించినచో దోమలు రావు. దోమలకు జడిసి కిటికీలు మూసికొని, గాలికై యంత్రము పెట్టుకొనుట డబ్బిచ్చి ఉక్కపోతను కొనుటయే. నేడు పట్టణములను జూచి ఇంటిముందు నిలువెత్తు అద్దములు బిగించుట వాడుక యగుచున్నది. పడమటి యెండకు అద్దము పెట్టినవాడు ఎండను అతిథిగా పిలిచి, దానిని వెళ్ళగొట్టుటకు జీతగాని పెట్టుకొన్నవానితో సమానుడు.

మగ్గపుగదిని వేరుగా ఆలోచింపవలెను. ప్రభుత్వ గృహములలోను, బ్యాంకు అప్పుతో కట్టు ఇండ్లలోను మేస్త్రి గీచు పటమున హాలు, పడకగది, వంటగది యుండును, మగ్గమునకు చోటుండదు. పునాది తీయకమునుపే గుంట ఎచట వచ్చునో గుర్తుపెట్టుడు. ఉత్తరపు కిటికీప్రక్క ఉంచినచో పగలంతయు నిలుకడయైన వెలుతురు వచ్చును; రంగుల తేడా కనబడును; పట్టపగలు దీపము అవసరముండదు. ఆ గది నేలనంతయు పింగాణిపలకలతో మూసివేయక, గుంటచుట్టు కొంత మేర మంటినేలగా గాని, సందులు విడిచిన బండలుగా గాని ఉంచినచో నేలతేమ నూలుకు అందును. ఫ్యాను గాలి పడుగుపై సూటిగా తగిలినచో నూలు ఎండి తెగును. కావున గాలి నేతగానిపై బడునట్లు దానిని ప్రక్కగా బిగింపవలెను. చెయ్యేటి ఒడ్డున నుండువారు అరుగు ఎత్తుగా కట్టి, మీటరును, స్విచ్చులను, బ్యాటరీని గత వరద గుర్తునకు పైగా ఉంచుకొనుట ప్రాణరక్షణకు అవసరము.

ఇల్లు ఇట్లు సిద్ధమైన పిమ్మటనే యంత్రముల మాట. లెక్క చూతము. పాతరకపు ఫ్యాను 75 వాట్లు తినును. నేడు దొరకు బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లతో అంతే గాలి నిచ్చును. దినమునకు 12 గంటలు తిరిగినచో మొదటిది 0.9 యూనిట్టు, రెండవది 0.36 యూనిట్టు ఖర్చు చేయును. ఒక ఫ్యానుపై మిగులు 0.54 యూనిట్టు. నాలుగు ఫ్యానులపై దినమునకు 2.16; సంవత్సరములో 300 దినములు తిరిగినచో 648 యూనిట్లు. మన సీమలో ఫ్యాను తిరగని నెలలు ఎన్ని? ఖరీదు ఎక్కువయని జంకువాడు ఈ లెక్కను తన బిల్లులోని యూనిట్టు ధరతో హెచ్చవేసి చూచుకొనవలెను. దీపముల విషయమున 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పాత 60 వాట్ల బుడ్డి ఇచ్చు వెలుతురు నిచ్చును. 2015 జనవరిలో ఉజాలా పథకము ఆరంభమైన పిదప ఇవి పల్లెపల్లెకును చేరినవి.

2006లో మొదలైన నక్షత్రపు గుర్తుల పద్ధతిలో నక్షత్రములు పెరిగినకొలది కరెంటు ఖర్చు తగ్గును. 2023 జనవరినుండి పైకప్పు ఫ్యానులకు కూడ ఈ గుర్తు తప్పనిసరి చేయబడినది. కొనునపుడు రంగునకు మునుపు ఆ చీటీని చూడుడు. ఫ్రిజ్జును పొయ్యిప్రక్కను, పడమటిగోడకు ఆనించియు పెట్టకుడు. శీతలయంత్రము పెట్టుకొనగల పోషకులకు మా మనవి: దానిని 24 డిగ్రీలవద్ద నుంచి, ఫ్యానును నెమ్మదిగా త్రిప్పుడు. ఒక్కొక్క డిగ్రీ పెంచినపుడు సుమారు నూటికి ఆరువంతుల విద్యుత్తు మిగులునని విద్యుత్తు పొదుపు శాఖవారు చెప్పియున్నారు. కప్పునకు సున్నము వేయక శీతలయంత్రము కొనుట చిల్లికుండతో నీరు మోయుటయే.

కట్టకడపట సూర్యఫలకములు. ఎండయే మన సీమకు శాపమందురు. కర్నూలు సీమలో గని–శకునాలవద్ద అదే యెండతో 1,000 మెగావాట్ల విద్యుత్కేంద్రము వెలసినది. మన ఇంటిపైనను ఒక కిలోవాటు ఫలకములు దినమునకు సగటున నాలుగు యూనిట్లు ఇయ్యగలవు. అందుకు సుమారు నూరు చదరపుటడుగుల నీడలేని చోటు కావలెను. 2024 ఫిబ్రవరిలో ప్రకటింపబడిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున, రెండు కిలోవాట్లవరకు కిలోవాటునకు 30,000 రూపాయల చొప్పునను, మూడును ఆ పైనను అయినచో మొత్తము 78,000 రూపాయలును సహాయముగా నిర్ణయింపబడినవి. ఫలకములను దక్షిణముగా, కొద్దిపాటి వాలుతో నిలుపవలెను. వాని నీడవలన కప్పు కొంత చల్లబడుట మరియొక లాభము. అయితే వీనిని కడపట చెప్పుటకు కారణము కలదు. ముందు ఖర్చు తగ్గించుకొన్నవానికి రెండు కిలోవాట్లు చాలును. తగ్గించుకొననివానికి నాలుగును చాలవు. క్రొత్త యిల్లు కట్టునపుడు వీనిని నేడు కొనలేకున్నను, మేడనుండి మీటరువరకు గొట్టమొకటి గోడలో విడిచి, నీళ్ళతొట్టి నీడ పడని మేర దక్షిణమున ఉంచుకొన్నచో, చేతిలో డబ్బాడినపుడు గోడ పగులగొట్టు పని యుండదు.

ఇందుకు మనవారు చెప్పు ఆక్షేపణలను మేము వినియున్నాము. "ఇల్లు పూర్తియగుటకే అప్పు చాలుటలేదు, ఇవన్నియు ఎక్కడినుండి తెత్తుము?" అందురు. న్యాయమే. కాని మేము చెప్పినవానిలో దిక్కు ఎన్నుకొనుట, కిటికీలు ఎదురెదురుగా పెట్టుట, గాలిరంధ్రములు విడుచుట, మగ్గమునకు ఉత్తరపు వెలుతురు చూచుకొనుట, చెట్టు నాటుట – ఇవి ఖర్చులేనివి. సున్నము స్వల్పఖర్చు. ఇంటిముఖమున అలంకారపు రాయి అంటించుటకును, పొరకప్పునకును పోవు సొమ్ములో కొంత తగ్గించినచో మిగిలినవియు కూడివచ్చును. "వియ్యాలవారు చూచినపుడు ఇల్లు గొప్పగా కనబడవద్దా?" యని మరికొందరందురు. చూడవచ్చిన వియ్యాలవారు ఒక్క జాముండి పోవుదురు. వచ్చిన కోడలు ఆ యింటిలో బ్రతుకంతయు ఉండవలెను. ఆమె నూలు వడుకునది, వంట వండునది, బిడ్డను నిద్రపుచ్చునది ఆ కప్పు క్రిందనే. గొప్పతనమును ఆమె కంటినుండి కొలువుడు.

ఈ మాటలు సంచికలోని కాగితమునకే పరిమితము గాకుండుటకు సంఘమువారి యెదుట నాలుగు ప్రార్థనల నుంచుచున్నాము. మొదటిది: ఇకమీదట సంఘముపక్షమున కట్టు ఏ కట్టడమునకైనను, వసతిగృహమైనను, కల్యాణమంటపమైనను, మొదట తెల్లకప్పు వేయించి మనవారికి చూపవలెను, వినినదానికంటె తాకి చూచినది నమ్మకము కలిగించును. రెండవది: ఇల్లు కట్టబోవు బీదనేతగాండ్రకు పటము చూచి సలహా చెప్పుటకు, మన కులమున ఇంజనీరింగు చదివిన యువకులు నెలకొక ఆదివారమైనను దానము చేయవలెను. మూడవది: ఫ్యానులు, దీపములు పదిమంది కలసి ఒక్కసారిగా కొన్నచో ధర తగ్గును, సహకారసంఘములు నడపిన అనుభవము మనకు క్రొత్తది గాదు. నాలుగవది పోషకులకు: మీరు ఒక పేదకుటుంబపు గృహప్రవేశమునకు పట్టుబట్టలు పెట్టదలచినపుడు, దానితోకూడ కప్పునకు సున్నమును, మగ్గపుగదికి ఒక మంచి ఫ్యానును ఇచ్చినచో, ఆ పుణ్యము ప్రతి వేసవియు మరల ఫలించును.

పోగు పోగునకు ధర ఎరిగినది మన కులము. పడుగులో ఒక పోగు తెగిన, అది చిన్నదని విడువక, ముడివేసి ముందునకు సాగుదుము. ఇంటిలో వ్యర్థముగా పోవు యూనిట్టును అట్టి తెగిన పోగుగానే ఎంచి ముడివేయుదము. మన బిడ్డలు చల్లని నీడను చదువుకొని, మన మగ్గములు మండువేసవిలోను ఆగక ఆడునట్లు భావనఋషి అనుగ్రహించుగాక యని ప్రార్థించుచున్నాము.

శుభం భూయాత్.